డిప్రెషన్‌లో పని మొదలుపెట్టడమే కావడం లేదు, మీరెలా నెట్టుకొచ్చారు?

బ్రాడీపేట_శ్రీ (గుంటూరు) · మంగళవారం, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. నేను ఇంటి దగ్గర నుంచే చిన్న షాపులకి అకౌంట్స్ రాస్తాను. కిరాణా కొట్లు, ఒక మెడికల్ షాపు, ఒక బట్టల కొట్టు. కొన్ని నెలల క్రితం డాక్టరుగారు డిప్రెషన్ అని చెప్పి మాత్రలు రాశారు. వాడుతున్నాను. ఏడుపు తగ్గింది, నిద్ర కాస్త నయం. పని మాత్రం కదలడం లేదు.

బిల్లుల కవర్లు టేబుల్ మీద పేర్చి ఉన్నాయి. వాటికి వేసిన రబ్బరు బ్యాండ్లు కూడా తీయలేదు. లాప్‌టాప్ తెరుస్తాను, జీఎస్టీ పోర్టల్‌లో యూజర్ నేమ్ కొడతాను, పాస్‌వర్డ్ దగ్గరకి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. మళ్లీ మంచం, మళ్లీ ఫోన్. క్లయింట్ ఫోన్ చేస్తే టెన్షన్ వచ్చి ఫోన్ బోర్లా పెట్టేస్తున్నాను. సాయంత్రానికి ‘ఈరోజు కూడా పోయింది’ అని బాధ, ఆ బాధతో రాత్రి నిద్ర పట్టదు, పొద్దున లేటుగా లేవడం.

అమ్మ ‘ఇంతకుముందు ఎంత చురుగ్గా ఉండేదానివే’ అంటుంది. తిట్టడం లేదు, బాధపడుతోంది. తిట్టినా బాగుండు అనిపిస్తుంది.

నాకు తెలియాల్సింది ఒక్కటే. డిప్రెషన్ తగ్గాక పని చేయబుద్ధవుతుందా, పని చేస్తే డిప్రెషన్ తగ్గుతుందా? ఏది ముందు? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గుణదల_మాస్టారు (విజయవాడ) · బుధవారం, ఉదయం 5:40

అమ్మా, నీ ప్రశ్న చదివాను. నా వయసు డెబ్భై దాటింది, నాకు తోచింది చెబుతాను. తెల్లవారుజామున నాలుగున్నరకి లే. చన్నీళ్ల స్నానం చెయ్యి, దేవుడికి దణ్ణం పెట్టుకో, కాసేపు నడువు. మేము ప్రకాశం బ్యారేజీ మీద నడిచేవాళ్లం. మనసుకి పని పెట్టకపోతే అది మన మీదకే తిరుగుతుంది. ఒక టైం టేబుల్ రాసి గోడకి అంటించు. పట్టుదల ఉంటే నెలలో మామూలు మనిషివి అవుతావు.

సత్యనారాయణపురం_పద్మ (విజయవాడ) · బుధవారం, ఉదయం 10:15

మాస్టారూ, మీరు ప్రేమతోనే చెప్పారు. కానీ ఈ జబ్బు అనుభవించినదాన్ని కాబట్టి ఒక మాట చెప్పాలి. డిప్రెషన్ ఉన్న చాలామందికి పొద్దున పూటే అన్నిటికంటే బరువుగా ఉంటుంది. సాయంత్రానికి కాస్త తేలిక పడుతుంది. నాలుగున్నరకి లేవాలని పెట్టుకుని ఏడున్నరకి లేస్తే, రోజు మొదలవ్వకముందే ఓడిపోయినట్టు ఉంటుంది. గోడ మీద టైం టేబుల్ ఉంటే అది రోజంతా మనల్ని తిడుతూ ఉంటుంది. పట్టుదల అనేది కూడా ఈ జబ్బు తినేసే వాటిలో ఒకటి. అది లేదనే కదా మనిషి బాధపడుతోంది.

శ్రీ గారూ, నాకు ఏం పని చేసిందో చెబుతాను. మా ఇంట్లో సింకు నిండా గిన్నెలు ఉండేవి. వంటింట్లోకి వెళ్లాలంటేనే ఏడుపొచ్చేది. మా సైకాలజిస్టు గారు ‘గిన్నెలన్నీ కడగొద్దు, ఒక్క గ్లాసు కడుగు, కడిగాక వచ్చెయ్యి’ అన్నారు. వచ్చెయ్యడం కూడా అందులో భాగమే అని గట్టిగా చెప్పారు. నేను ఒక గ్లాసు తీసుకున్నాను. పాల మీగడ ఎండిపోయి అంచుకి అంటుకుని ఉంది. గోరుతో గీకి, కడిగి, బోర్లించి వచ్చేశాను. ఇల్లు అలాగే ఉంది, గిన్నెలు అలాగే ఉన్నాయి. కానీ ఆ రోజు నేను అనుకున్నది అనుకున్నంతా చేశాను. చాలాకాలం తర్వాత నా మాట మీద నాకు నమ్మకం వచ్చింది.

అందరూ ‘చిన్నగా మొదలుపెట్టు’ అంటారు. కానీ లోపల మాత్రం ‘మొదలుపెడితే ఎలాగూ మొత్తం చేస్తుందిలే’ అని ఆశ పెట్టుకుంటారు. మన మనసుకి ఆ ఆశ తెలిసిపోతుంది, అందుకే మొరాయిస్తుంది. నిజంగా ఆపేసే స్వేచ్ఛ ఉండాలి. మీకు ఒక్క గ్లాసు ఏదో చూసుకోండి.

వంశీ_క్లినికల్ (గుంటూరు) · బుధవారం, మధ్యాహ్నం 1:30

‘ఏది ముందు’ అని అడిగారు. దీని మీద చాలా పరిశోధన జరిగింది, జవాబు కూడా చాలావరకు ఒకే వైపు ఉంది. డిప్రెషన్‌లో పని ముందు, చేయబుద్ధి తర్వాత. ఉత్సాహం వచ్చేదాకా ఆగితే అది వచ్చే దారే మూసుకుపోతుంది.

1970లలో అమెరికాలో పీటర్ లెవిన్‌సన్ అనే సైకాలజిస్టు దీన్ని ఇలా వివరించాడు. మనిషి ముడుచుకుపోయిన కొద్దీ సంతోషాన్నో తృప్తినో ఇచ్చే పనులు జీవితంలో తగ్గిపోతాయి. అవి తగ్గితే మనసు ఇంకా కుంగుతుంది, కుంగితే మనిషి ఇంకా ముడుచుకుపోతాడు. దీన్ని తిప్పికొట్టే చికిత్స పేరు బిహేవియరల్ యాక్టివేషన్, అంటే చిన్న చిన్న పనులతో మనిషిని మళ్లీ కదిలించడం. 1996లో నీల్ జాకబ్సన్ బృందం పూర్తి స్థాయి సీబీటీని (ఆలోచనల తీరు, అలవాట్లు మార్చే మాటల చికిత్స), అందులోని ఈ పనులకి సంబంధించిన భాగాన్ని మాత్రమే పక్కపక్కన పెట్టి చూసింది. రెండూ దాదాపు సమానంగా పని చేశాయి. 2016లో ఇంగ్లాండులో 440 మంది మీద చేసిన కోబ్రా ట్రయల్ లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. సైకోథెరపిస్టులు కాని జూనియర్ సిబ్బందికి ఈ పద్ధతి నేర్పించి చేయిస్తే, శిక్షణ పొందిన థెరపిస్టులు ఇచ్చిన సీబీటీకి తీసిపోని ఫలితం వచ్చింది. మనలాంటి చోట, సైకాలజిస్టులు తక్కువగా ఉన్న చోట, ఇది ఎంత పెద్ద కబురో ఆలోచించండి.

ఇప్పుడు మీ పాస్‌వర్డ్ సంగతి. అక్కడ ఆగి మంచం ఎక్కగానే ఒక నిమిషం పాటు హాయిగా ఉంటుంది కదా? ఆ హాయే అసలు చిక్కు. తప్పించుకుంటే బాధ తగ్గుతుందని మనసు నేర్చుకుంటుంది, రేపు ఇంకా త్వరగా తప్పిస్తుంది. అందుకే దీన్ని బద్ధకం కింద లెక్కేయకూడదు. బద్ధకంగా ఉన్నవాడు పని ఎగ్గొట్టి హాయిగా నిద్రపోతాడు. మీకు నిద్రే పట్టడం లేదు.

పద్మగారు చెప్పిన గ్లాసు మీకు రబ్బరు బ్యాండు కావచ్చు. ‘రేపు పని చేస్తాను’ అనుకోవద్దు. ‘సాయంత్రం టీ తాగి గ్లాసు కింద పెట్టగానే ఒక కవరు రబ్బరు బ్యాండు తీస్తాను’ అనుకోండి. ఎప్పుడు, ఎక్కడ, ఏ పని తర్వాత అన్నది ముందే ముడివేసుకుంటే చేసే అవకాశం పెరుగుతుందని పీటర్ గోల్‌విట్జర్ అనే సైకాలజిస్టు చాలా ప్రయోగాల్లో చూపించాడు. చేశాక ఒక కాగితం మీద రెండు అంకెలు వేయండి, పదికి ఎంత తృప్తిగా ఉంది, పదికి ఎంత కష్టమైంది. సున్నా వచ్చినా వేయండి.

పట్టాభిపురం_సీఏ (గుంటూరు) · బుధవారం, సాయంత్రం 6:05

అక్కా, నేను సీఏ ఇంటర్ చదువుతున్నాను. నాదీ ఇదే కథ. ఇంతకుముందు పరీక్షలు ఏడాదికి రెండుసార్లే ఉండేవి. 2024 నుంచి ఇంటర్‌కి మూడుసార్లు పెట్టారు. అందరికీ మంచిదే, కానీ నాలాంటి వాడికి ‘వచ్చేసారి రాద్దాంలే’ అనుకోవడం ఇంకా తేలికైంది. ఇంట్లో చదువుతున్నాననే అనుకుంటున్నారు. రూమ్‌లో పుస్తకం తెరిచే ఉంటుంది, పేజీ తిప్పను.

వంశీ అన్నా, ఒకటి అడగాలి. ఇన్ని రోజులు వృథా చేశాను కదా అన్న ఆలోచన వస్తే ఇంక ఏ పనీ ముందుకి పోదు. దాన్ని ఏం చేయాలి?

వంశీ_క్లినికల్ (గుంటూరు) · బుధవారం, రాత్రి 8:20

తమ్ముడూ, మంచి ప్రశ్న. కెనడాలో మైకేల్ వోల్, టిమోతీ పిచల్, షానన్ బెనెట్ 2010లో యూనివర్సిటీ విద్యార్థుల మీద చేసిన అధ్యయనం ఒకటి ఉంది. మొదటి పరీక్షకి చదవడం వాయిదా వేసినందుకు తమని తాము క్షమించుకున్నవాళ్లు రెండో పరీక్షకి తక్కువ వాయిదా వేశారు. మన ఇళ్లలో నమ్మకం దీనికి వ్యతిరేకంగా ఉంటుంది. గట్టిగా తిడితేనే బుద్ధి వస్తుందని అనుకుంటాం. డిప్రెషన్‌లో తిట్టు పని మీద అసహ్యాన్ని పెంచుతుంది, ఆ అసహ్యం వల్ల పుస్తకం ఇంకా దూరం అవుతుంది.

ఇంకో మాట. నీకు దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకి మించి రోజూ ఉంటే చదువు సంగతి తర్వాత, ముందు డాక్టరుకి చూపించుకో. గుంటూరు జీజీహెచ్‌లో (ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి) మానసిక వైద్య విభాగం ఉంది. విజయవాడ జీజీహెచ్‌లోనూ ఉంది. ఉదయం పూట వెళ్లి ఓపీ చీటీ తీసుకోవడమే, ఎవరి సిఫార్సూ అక్కర్లేదు.

బీసెంట్‌రోడ్_లెక్కలు (విజయవాడ) · గురువారం, ఉదయం 9:10

శ్రీ గారూ, నేనూ ఇదే వృత్తిలో ఉన్నాను. మనసు సంగతి వంశీ గారికి వదిలేస్తాను. భయం సంగతి అంకెల్లో చెబుతాను, ఎందుకంటే ఈ పనిలో భయానికి అంకె పెట్టకపోతే అది ఊహలో పెరిగిపోతుంది.

జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్న్) మరుసటి నెల 11కి, 3బి (పన్ను లెక్క చూపి కట్టే రిటర్న్) 20కి. 3బి ఆలస్యమైతే రోజుకి 50 రూపాయలు, నిల్ (కట్టాల్సిన పన్ను ఏమీ లేనిది) అయితే రోజుకి 20. ఏడాది టర్నోవర్ కోటిన్నర లోపు ఉన్న వ్యాపారానికి ఒక రిటర్న్ మీద లేట్ ఫీ 2000 దాటదు, నిల్ అయితే 500 దాటదు. నగదుగా కట్టాల్సిన పన్ను ఉంటే దాని మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. మీ కిరాణా కొట్లలో చాలావరకు ఈ కోటిన్నర లోపే ఉంటాయి. ఇది తేలిగ్గా తీసుకోమనడం కాదు. మీరు బోర్లా పెట్టిన ఫోన్‌లో ఉన్నది ప్రళయం కాదు, ఒక మొత్తం, దాన్ని లెక్కగట్టొచ్చు.

క్లయింట్లకి ఏం చెప్పాలో తెలియక ఫోన్ ఎత్తడం లేదు కదా. ఇదిగో, ఇలాగే కాపీ చేసి పంపండి: “ఆరోగ్యం బాగాలేక మీ పని ఆలస్యమైంది. బిల్లులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఎప్పటికి పూర్తవుతుందో శనివారం చెబుతాను.” అంతే. జబ్బు పేరు చెప్పక్కర్లేదు. ముందు మీతో మంచిగా ఉండే ఒక్కరికి పంపండి. నా అనుభవంలో షాపుల వాళ్లు ఆలస్యానికి కంటే జవాబు రాకపోవడానికి ఎక్కువ కంగారు పడతారు.

బ్రాడీపేట_శ్రీ (గుంటూరు) · గురువారం, రాత్రి 10:35

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. మధ్యాహ్నం నుంచి ఈ మెసేజీలు మళ్లీ మళ్లీ చదువుతున్నాను.

సాయంత్రం టీ అయ్యాక మెడికల్ షాపు కవరు రబ్బరు బ్యాండు తీశాను. ఎండకి అది మెత్తబడి కాగితానికి అతుక్కుపోయింది, లాగితే తెగింది. ఆపేయొచ్చు కదా అని ఆపేద్దామనుకున్నాను, కానీ చేతిలోకి వచ్చిన బిల్లులు తేదీల వారీగా పేర్చాను. తృప్తి 3, కష్టం 8. లెక్కలు గారు రాసిచ్చిన మెసేజ్ మెడికల్ షాపు ఆయనకే పంపాను. ‘ముందు ఆరోగ్యం చూసుకోమ్మా, శనివారం చెప్పు చాలు’ అని వెంటనే జవాబు వచ్చింది. చదివి చాలాసేపు ఏడ్చాను.

కానీ రాత్రి అయ్యేసరికి మళ్లీ అదే. రబ్బరు బ్యాండు తీయడానికి ఇంత మంది చెప్పాల్సి వచ్చిందా, నేను ఉండి ఎవరికి ఉపయోగం అనిపిస్తోంది.

ఫార్మసీ_విజయ (విజయవాడ) · గురువారం, రాత్రి 10:50

శ్రీ గారూ, మీ చివరి వాక్యం చదివి ముందు ఒక్కటి సూటిగా అడుగుతున్నాను. చనిపోవాలని గానీ, మిమ్మల్ని మీరు ఏమైనా చేసుకోవాలని గానీ ఆలోచనలు వస్తున్నాయా? అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, చెప్పుకుంటే బరువు తగ్గుతుంది. వస్తుంటే ఇప్పుడే అమ్మని లేపి పక్కన కూర్చోబెట్టుకోండి. 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్. 24 గంటలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీ జవాబు వచ్చేదాకా నేను ఇక్కడే ఉంటాను.

బ్రాడీపేట_శ్రీ (గుంటూరు) · గురువారం, రాత్రి 11:08

లేదండీ, చనిపోవాలని లేదు. అలసిపోయాను, అంతే. మీరు అలా అడగడం మంచిగా అనిపించింది. ఇంతవరకు ఎవరూ అడగలేదు. అమ్మ పక్క గదిలో ఉంది, ఈ రాత్రి ఆమె దగ్గరే పడుకుంటాను. నంబరు సేవ్ చేసుకున్నాను.

ఫార్మసీ_విజయ (విజయవాడ) · గురువారం, రాత్రి 11:20

చాలా మంచిది. ఇప్పుడు మందుల గురించి. ఏడుపు తగ్గి, నిద్ర బాగుపడి, పని మీద ఏకాగ్రత, ఉత్సాహం మాత్రం రాకపోవడం చాలామందిలో చూస్తాం. ఈ మాత్రలు సాధారణంగా 2 నుంచి 4 వారాల్లో పని చేయడం మొదలుపెడతాయి, పూర్తి ఫలితానికి ఇంకా టైం పడుతుంది. మీరు నెలల నుంచి వాడుతున్నారు కాబట్టి మిగిలిపోయిన ఈ లక్షణాలు డాక్టరుగారికి విడిగా చెప్పాలి. ‘బాగానే ఉందండీ’ అని వచ్చేయకండి. పాస్‌వర్డ్ దగ్గర చెయ్యి ఆగిపోతోంది అని ఇక్కడ రాసినట్టే అక్కడా చెప్పండి. డోసు మార్చడం, మందు మార్చడం ఆయన చూసుకుంటారు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 పరీక్షలు ఈమధ్య చేయించారా అన్నదీ అడగండి. వాటిలో తేడా ఉన్నా ఇలాంటి నీరసం ఉంటుంది.

షాపులో రోజూ చూసే బాధ ఒకటి చెప్పాలి. కాస్త బాగుండగానే మాత్రలు మానేసేవాళ్లు ఎక్కువ. ఒక్కసారిగా మానితే తల తిరగడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం వస్తాయి, జబ్బు కూడా తిరగబెట్టొచ్చు. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడించి, మెల్లగా తగ్గిస్తారు. ఎప్పుడు ఆపాలో డాక్టరుగారే చెప్పాలి.

కృష్ణలంక_నాని (విజయవాడ) · శుక్రవారం, ఉదయం 7:45

నేను జబ్బు ఉన్న మనిషిని కాదు, మా ఆవిడకి ఉంది. ఇంట్లోవాళ్ల తరఫున రాస్తున్నాను, ఎందుకంటే శ్రీ గారి అమ్మగారి గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఇంట్లోవాళ్లకి రెండే తెలుసు. గదమాయించడం, లేదా పని మొత్తం మనమే చేసిపెట్టడం. రెండోది ప్రేమగా కనిపిస్తుంది కానీ మనిషికి తన చేతుల మీద నమ్మకం పోతుంది. మా ఆవిడకి వాళ్ల డాక్టరమ్మ చెప్పిన పద్ధతి వేరు. పక్కన కూర్చోవాలి, సలహా ఇవ్వకూడదు. తను బట్టలు మడతపెడుతుంటే నేను పక్కన కూర్చుని పేపరు చదువుకుంటాను. ఒక చీర మడిచి ఆపేస్తే ఏమీ అనను. ‘ఇంకా చాలా ఉన్నాయి కదా’ అన్న మాట మా ఇంట్లో నిషేధం. ‘ఎందుకు చేయలేదు’ అని అడిగే బదులు ‘ఎక్కడ ఆగింది’ అని అడుగుతాను. మొదటిదానికి జవాబు ఏడుపే. రెండోదానికి నిజమైన జవాబు వస్తుంది. కరెంటు బిల్లు కట్టలేదంటే కారణం యాప్ అప్‌డేట్ అడుగుతోందని ఒకసారి తెలిసింది. ఆ ఒక్క మెట్టు నేను ఎక్కించాను, మిగతాది తనే కట్టింది.

చూసుకునేవాళ్లం కూడా అలసిపోతాం. అమ్మగారికి మాట్లాడుకోవడానికి ఎవరైనా ఉండాలి. చెల్లెలో, పక్కింటివాళ్లో, గుడి దగ్గర స్నేహితులో. ఆమె కళ్లలో భయం తగ్గితే శ్రీ గారికి సగం భారం దిగుతుంది.

గుణదల_మాస్టారు (విజయవాడ) · శుక్రవారం, ఉదయం 11:30

నాని బాబూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మా మనవడు ఇంజనీరింగ్ అయ్యాక గదిలోంచి బయటకి రావడం లేదు. అందుకే ఈ చర్చ చదువుతున్నాను. చిన్నప్పుడు మా ఊళ్లో చేతిపంపు ఎండిపోతే పైనుంచి చెంబెడు నీళ్లు పోసి కొట్టేవాళ్లం, అప్పుడు కానీ నీళ్లు రావు. వంశీ గారు చెప్పింది అదే అనిపించింది. వాడికి నేనేం పోయాలి? నడకకి పిలిస్తే రాడు.

కృష్ణలంక_నాని (విజయవాడ) · శుక్రవారం, మధ్యాహ్నం 12:10

మాస్టారూ, నడకకి పిలవకండి. మీకు ఏదైనా పని ఉంది, తోడు రమ్మని అడగండి. నిజమైన పనే అయి ఉండాలి, ఊరికే కల్పిస్తే పిల్లలకి తెలిసిపోతుంది. బ్యాంకు పాస్‌బుక్ ప్రింట్ వేయించడం, ఫోన్‌లో ఏదో సెట్టింగ్ మార్చడం, రైతు బజారు నుంచి సంచి మోయడం. పదిహేను నిమిషాల్లో అయిపోయేది. వచ్చాక పొగడకండి, ఉద్యోగం ఊసు ఎత్తకండి. ‘నువ్వు రావడం వల్ల పని తేలిగ్గా అయింది’ అంటే చాలు. రానంటే ‘సరేలే, మళ్లీ చూద్దాం’ అని మామూలుగా ఉండండి. అదీ చాలాకాలం ఇలాగే ఉంటే మీరే తోడు వెళ్లి డాక్టరుకి చూపించండి. తాతయ్యతో వెళ్లడం వాడికి తేలిక కావచ్చు.

పట్టాభిపురం_సీఏ (గుంటూరు) · శుక్రవారం, సాయంత్రం 5:25

నేను రేపు ఉదయం జీజీహెచ్‌కి వెళ్తున్నాను. మా పెద్దక్కకి చెప్పాను, తను వస్తానంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

నాని అన్నయ్య చెప్పిన ‘పక్కన కూర్చోవడం’ ఫోన్‌లో కుదురుతుందా? నేను, నా ఫ్రెండ్ వీడియో కాల్ పెట్టుకుని మ్యూట్‌లో కూర్చుంటే కాస్త చదవగలిగాను. శ్రీ అక్కా, మీకు ఇష్టమైతే ఆదివారం సాయంత్రం మనం అలా కూర్చుందాం. మీరు బిల్లులు, నేను కాస్ట్ అకౌంటింగ్. కెమెరా అక్కర్లేదు. ఇరవై నిమిషాలు, తర్వాత ఎవరి దారి వాళ్లది.

బ్రాడీపేట_శ్రీ (గుంటూరు) · శుక్రవారం, రాత్రి 9:40

తమ్ముడూ, తప్పకుండా. ఆదివారం ఐదున్నరకి. అప్పటికి మా ఇంట్లో ఎండ తగ్గుతుంది, నాకూ కాస్త తేలిగ్గా ఉండే టైం అదే. రేపు డాక్టరు ఏమన్నారో చెప్పు.

నాని గారూ, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను. ‘ఎక్కడ ఆగింది’ అన్న ప్రశ్న ఆమెకి బాగా నచ్చింది. ఈరోజు అడిగింది కూడా. బట్టల కొట్టు వాళ్లకి మెసేజ్ పంపడం దగ్గర ఆగిందని చెప్పాను. పక్కన కూర్చుంది, నేను పంపాను. వాళ్లు కోపంగానే జవాబిచ్చారు, వేరేవాళ్లని చూసుకుంటామన్నారు. చేతులు వణికాయి. కానీ జవాబు తెలిసిపోయింది, ఊహించుకుంటూ కూర్చోవడం అయితే పోయింది. డాక్టరుగారి అపాయింట్‌మెంట్ సోమవారం. విజయ గారు చెప్పినవి కాగితం మీద రాసుకున్నాను.

లెక్కలు గారూ, ఇన్ని షాపులకి నెలనెలా రిటర్న్ అంటేనే భయంగా ఉంది. పని తగ్గించే దారి ఏదైనా ఉందా?

బీసెంట్‌రోడ్_లెక్కలు (విజయవాడ) · శనివారం, ఉదయం 8:55

ఉందండీ. టర్నోవర్ 5 కోట్ల లోపు ఉన్నవాళ్లు 2021 జనవరి నుంచి క్యూఆర్‌ఎంపీ పద్ధతిలోకి మారొచ్చు. అప్పుడు 3బి, జీఎస్టీఆర్-1 రెండూ మూడు నెలలకి ఒకసారే. పన్ను మాత్రం మొదటి రెండు నెలలూ మరుసటి నెల 25 లోపు చలానాతో కట్టాలి. జులై–సెప్టెంబరు త్రైమాసికానికి కావాలంటే మే 1 నుంచి జులై 31 మధ్యలో పోర్టల్‌లో ఎంచుకోవాలి. అయితే గడువు దాటిన చివరి రిటర్న్ వేసి ఉండాలి, అది పెండింగ్‌లో ఉంటే ఒప్పుకోదు.

అందుకని మెడికల్ షాపుదే ముందు తీసుకోండి, బిల్లులు ఎలాగూ తేదీల వారీగా ఉన్నాయి. అమ్మకాల మొత్తం, కొనుగోళ్ల మొత్తం రెండూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, ఈ వారానికి అది చాలు. బట్టల కొట్టు వాళ్లు కాగితాలు వెనక్కి అడిగితే ఇచ్చేయండి, ఆ ఒక్కటి తగ్గితే మిగతావాటికి ఊపిరి ఆడుతుంది. పోర్టల్‌లో వేసే రోజు ముందుగా ఇక్కడ చెప్పండి, నేను ఆ టైంకి ఆన్‌లైన్‌లో ఉంటాను.